అలంకారము, ఋణము

ఒక గృహము తన యజమానిని గూర్చి చెప్పు సాక్ష్యము, అతడు తన్ను గూర్చి తాను చెప్పుకొను మాటలకంటె ఎక్కువ నమ్మదగినది. గోడకు వ్రేలాడు పటము, అతిథికి వేయు ఆసనము, దీపమునకు ఏర్పరచిన చోటు - ఇవి యన్నియు మౌనముగా ఒక అభిప్రాయమును ప్రకటించుచుండును. దేవాలయమునకు గోపురము, అంగడికి వాకిలి ముఖ్యమైనవి. పానశాలకు మాత్రము లోపలి భాగమే సర్వస్వము. బయటి ప్రపంచమును కొంతసేపు మరపించుటకై కట్టిన గది యది. కావున దాని అలంకారమును గూర్చి ఆలోచించుట విలాసవంతుల ముచ్చటయని తోసివేయరాదు. మనుష్యుడు దేనిని మరువగోరునో, దేనిని చూచుచు మరువగోరునో ఆ గది చెప్పగలదు.

నేటి మహానగరములలో కాక్‌టెయిల్ బారు అని పిలువబడు గదిని గమనింపుడు. దాని నడుమ ఇంచుమించు 42 అంగుళముల ఎత్తున ఒక పొడవైన బల్ల యుండును. దానిముందు 30 అంగుళముల ఎత్తు గల ఆసనములు. వెనుక అద్దము, అద్దము ముందు వరుసలు తీర్చిన సీసాలు. ఈ కొలతలు యాదృచ్ఛికములు కావు. కూర్చున్న అతిథి కన్నును, నిలిచి పానీయము కలుపువాని కన్నును దాదాపు ఒకే మట్టమున నిలుపుటకే ఆ ఎత్తు. దీపములు మందముగా, పసుపువన్నెతో వెలుగును. ఆ వెలుగులో ఏ ముఖమైనను కొంత మృదువుగా కనబడును. గడియారము సామాన్యముగా ఉండదు. అద్దము గదిని రెట్టింపు చేసి చూపును. ఒంటరిగా వచ్చినవానికి వాని ప్రతిబింబమునే తోడు చేయును. ఆతిథ్యము అను పురాతన ధర్మమును కొలతలలోనికి దింపిన శాస్త్రమిది. దీనిని తక్కువగా చూడవలసిన పనిలేదు.

ఇటీవల ఇట్టి గదులలోనికి క్రొత్త వస్తువులు ప్రవేశించుచున్నవి. బస్తరు కమ్మరుల చేతిలో సాగిన ఇనుప దీపములు, డోక్రా పనివారు పోతపోసిన ఇత్తడి ఏనుగులు, దేవతలు, కొయ్య చెక్కడములు సీసాల నడుమ నిలుచుచున్నవి. పానీయముల పట్టికలో ఇప్పపూవు సారాయు చోటుచేసికొన్నది. ఇప్పను హిందీ ప్రాంతములలో మహువా అందురు. పట్టికలలో కనబడునది ఆ పేరే. ఇంతకాలము అడవిలో ఉన్న పానీయమును, దానితోడి ప్రతిమలును ఒక్కసారిగా నగరపు గాజుపాత్రల సరసకు వచ్చినవి. ఇది గౌరవమా? అపహరణమా? ఈ ప్రశ్నకు తొందరపడి ఉత్తరము చెప్పువారు ఇరువైపులను కలరు. నెమ్మదిగా చూచినగాని ఇందలి ధర్మము బోధపడదు.

మొదట కాక్‌టెయిల్ పుట్టిన లోకమునే అడుగుదము. ఆ మాటకు అర్థవివరణము అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమందలి హడ్సన్ పట్టణపు పత్రికలో 1806లో వెలువడినది: మద్యము, చక్కెర, నీరు, చేదు మూలికాసారము కలిపిన పానీయము. నూరేండ్ల తరువాత, 1908లో, వియన్నాలో అడాల్ఫ్ లోస్ అను వాస్తుశిల్పి ఒక చిన్న పానశాలను నిర్మించెను. దాని వైశాల్యము ఇంచుమించు 27 చదరపు మీటర్లు మాత్రమే. చలువరాయి, ఎఱ్ఱని మహోగని కొయ్య, ఇత్తడి - ఇంతే అందలి సంపద. అద్దములను అతడు తల ఎత్తుకు పైన అమర్చెను. అందుచేత వానిలో మనుష్యులు కనబడరు. పైకప్పు మాత్రము గోడలను దాటి సాగిపోయినట్లు తోచును. ఆ లోసే రెండేండ్ల తరువాత అలంకారము నేరము అను భావముతో ప్రసిద్ధమైన ఉపన్యాసము చేసెను. నాగరకుడు వస్తువులమీద నగిషీలు చెక్కుట శ్రమను, లోహమును, కాలమును వృథాచేయుటయని అతని వాదము.

కాని లోస్ అంతటితో ఆగలేదు. తన పాదరక్షలు కుట్టువాడు వానిమీద చిన్న చిన్న అలంకారములు చేసి ఆనందించును. ఆ ఆనందమును హరించుటకు తనకు మనసురాదని అతడు ఒప్పుకొనెను. చేయువానికి అలంకారము ఆనందమైనచో క్షమింపవచ్చును. కొనువానికి అది ఆడంబరమైనచో క్షమింపరాదని దీని తాత్పర్యము. ఇందు ఆదిమజాతులను గూర్చి ఆనాటి ఐరోపా వారికుండిన చిన్నచూపు లేకపోలేదు. అయినను ఒక మంచి ప్రశ్న మిగిలినది: ఒక వస్తువును చేసినవాని ఆనందమును, దానిని కొన్నవాని గదిలో మనము కనుగొనగలమా?

ఇక బస్తరు పానశాలను చూతము. దానికి గోడలు లేవు. ఛత్తీస్‌గఢ్ దక్షిణభాగమున, ఇంద్రావతీనది ప్రవహించు ఆ సీమలో, వారపుసంతనాడు చెట్టునీడయే దాని కప్పు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపూలు రాత్రివేళ రాలును. తెల్లవారునప్పటికే స్త్రీలును పిల్లలును బుట్టలతో చెట్లక్రిందికి చేరుదురు. ఏరిన పూలను ఎండబెట్టి దాచుదురు. కరవు దినములలో అవి ఆహారము, గింజలనుండి నూనె, పూలను నీట నానబెట్టి పులియనిచ్చి, కుండలపై కుండలు పేర్చి, ఆవిరిని చల్లార్చి దించినది సారా. జీలుగుచెట్టు కల్లును, బియ్యముతో చేయు లాందాయు దానికి తోబుట్టువులు. పాత్ర ఆకుదొప్ప. గాజుపాత్రవలె దానిని నిండుగా క్రిందపెట్టి ముచ్చట్లాడుటకు వీలులేదు, ఒరిగి ఒలికిపోవును. చేతనున్నంతసేపు చేతిలోనే యుండవలెను. పని తీరగానే మట్టిలో కలిసిపోవును.

ఆ గోడలులేని గదికి ఒక కట్టుబాటు కలదు. త్రాగుటకు మునుపు కొన్ని చుక్కలు నేలమీద విడుతురు. అవి భూదేవికి, గతించిన పెద్దలకు చెందినవి. పుట్టుక, పెండ్లి, చావు, విత్తనపు పండుగ - వీనిలో దేనికిని ఆ చుక్క లేకుండ జరుగదు. వెరియర్ ఎల్విన్ 1940వ దశకమున బస్తరులో నివసించి, 1947లో మురియాలను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన ఆత్మకథకు మరణానంతరము 1965లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. ఆయన వ్రాతలు చదివినవారికి ఆ సమాజమున మద్యము కేవలము మత్తు కాదని, దేవతలతోను బంధువులతోను మాటలాడు భాషలలో ఒకటియని తెలియును. తొలిచుక్క ఆ భాషకు మొదటి అక్షరము. ఎదుట లేనివారిని ముందుగా తలచుకొనుటయే దాని అర్థము.

ఇందువలన మన పట్టణవాసులు సాధారణముగా చెప్పు మొదటి ఆక్షేపణ నిలువదు. 'దేవతాప్రతిమను త్రాగుడు గదిలో ఉంచుట అపచారము' అని వారందురు. ఇది మన ఇంటి పూజగది నియమమును అడవిమీద రుద్దుటయగును. బస్తరు దేవతలు మద్యమును చూచి ముఖము త్రిప్పుకొనరు. వారికి ముందు పోసినపిదపనే మనుష్యులు త్రాగుదురు. దేవత సీసాల పక్కన నిలుచుట దోషము కాదు. అంత దగ్గరగా నిలిచియు ఆమెకు ఒక్క చుక్కయైన అందకపోవుటయే వింత. త్రాగువారందరిని ఆమె చూచుచుండును. ఆమెను తలచువాడు ఒక్కడును లేడు.

రెండవ ఆక్షేపణ మరికొంత బలమైనది: 'వస్తువును దాని చోటినుండి పెకలించిన దాని ప్రాణము పోవును, బస్తరు దేవత బస్తరులోనే ఉండవలెను.' కాని బస్తరు ఐతిహ్యమే దీనికి బదులు చెప్పుచున్నది. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు ఉత్తరముగా సాగి బస్తరులో రాజ్యము స్థాపించెనని అచట చెప్పుకొందురు. దేవి అతని వెంట నడచునట్లు మాట యిచ్చినది; అతడు మాత్రము వెనుదిరిగి చూడరాదు. అందెల రవళి వినుచు అతడు ముందు నడచెను. నదీతీరపు ఇసుకలో అందెలు కూరుకొని రవళి వినబడకపోగా అతడు తిరిగి చూచెను. ఆమె అచటనే నిలిచిపోయెను. శంఖినీ డంకినీ నదుల సంగమమున దంతేవాడలో ఉన్న దంతేశ్వరి ఆమెయే. దసరానాడు పల్లెలనుండి దేవతలు జగదల్‌పూరునకు తరలివచ్చెదరు. 75 దినములు సాగు ఆ ఉత్సవమే దేవతల ప్రయాణోత్సవము. కావున దేవతలు కదలరాదను నియమము లేదు. వారు కదలుటకు ఒక షరతు కలదు. పిలిచినవాడు ఆ షరతును పాటింపవలెను. ఇంతే.

షరతు లేకుండ దేవతలను తెచ్చుకొన్న గదులు ఎట్లుండునో ప్రపంచము ఒకసారి చూచినది. అమెరికాలో 1930వ దశకమున పసిఫిక్ ద్వీపముల పేరిట ఒక జాతి పానశాలలు వెలసినవి. వెదురు గోడలు, చేపల వలలు, చెక్క విగ్రహములు వాని అలంకారము. పాలినేషియా ప్రజల దేవతలకు, పితరులకు సంబంధించిన 'టికి' అను రూపము రమ్ము పోసికొను మట్టిపాత్రగా మారినది. ఆ గదులను కట్టినవారిలో ద్వేషమున్నదని చెప్పలేము, దూరద్వీపములపై మోజుండినది. అయినను రెండు తరములు గడచునప్పటికి ఆ విగ్రహము ఎవరిదో, ఎందులకో త్రాగువారికి తెలియనే తెలియదు. మోజు తగ్గినప్పుడు విగ్రహములు పాతసామానులలోనికి పోయినవి. నేడు ఆ ద్వీపవాసులు ఆ పాత్రలను చూచి తమ పెద్దలను గూర్చి నొచ్చుకొనుచున్నారు. ప్రేమయే అయినను, తెలిసికొనుటకు ఓపికపట్టని ప్రేమ చేసిన పని యిది.

మన గదులకును ఈ ప్రమాదము కలదు. బస్తరు బొమ్మలలో మిక్కిలి జనాదరణ గలది ఝిట్కు-మిట్కి జంట. ప్రేమికుల బొమ్మయని దానిని కానుకగా కొందురు. సీసాల అరపై అది అందముగా ఇమిడిపోవును. ఆ జంట కథ చెప్పువారినిబట్టి కొంత మారును గాని సారమిది. మిట్కికి ఏడుగురు అన్నలు. చెల్లెలు దూరము కాకూడదని ఆమె భర్తయైన ఝిట్కును తమయొద్దనే ఉంచుకొనిరి. వారు త్రవ్విన చెరువులో నీరు నిలువలేదు. నరబలి కావలెనని నమ్మిరి. బలియైనవాడు ఝిట్కు. మిట్కియు ప్రాణములు విడిచెను. ఊరివారు పిదప వారిని దేవతలుగా కొలిచిరి. అనగా అది శృంగారపు బొమ్మ కాదు. ఒక సమాజము తాను చేసిన పాపమును మరువకుండుటకై నిలుపుకొన్న గుర్తు. ఈ కథ తెలిసినవాడు ఆ బొమ్మను అరమీద పెట్టరాదా? పెట్టవచ్చును. కాని తెలిసినపిదప పెట్టుటకు, తెలియక పెట్టుటకు మధ్య భూమ్యాకాశముల అంతరము కలదు.

ఇచట మూడవ వాదమును వినవలెను. అది పనివాని వాదము. డోక్రా పోత అతి ప్రాచీనమైన విద్య. మొహెంజొదారో నర్తకి ప్రతిమయు ఈ మైనపు పద్ధతినే పోతపోయబడినది. బస్తరులో దీనిని చేయువారు ఘడవాలు. మట్టితో లోపలి ఆకారమును చేసి, మైనమును సన్నని దారములుగా తీసి దానిపై చుట్టి, మరల మట్టి పూసి కాల్చుదురు. మైనము కరిగి పోయిన దారిన కరగిన ఇత్తడి ప్రవేశించును. పైమట్టిని పగులగొట్టినగాని ప్రతిమ బయటపడదు. ఒక అచ్చునకు ఒకే ప్రతిమ. కావున ఏ రెండును సరిగా ఒకటివలె ఉండవు. ఒకప్పుడు వీరు చుట్టుపట్ల పల్లెలకు కావలసిన దేవతామూర్తులు, నగలు చేసి జీవించిరి. పల్లె యొక్క కొనుగోలుశక్తి తగ్గినపుడు బయటి సంతయే వారిని నిలిపినది. కొండగావ్‌కు చెందిన జయదేవ్ బఘేల్, 2014లో కీర్తిశేషుడైన మహాశిల్పి, ఈ విద్యను దేశదేశములకు పరిచయము చేసెను. బస్తరు డోక్రాకు భౌగోళిక గుర్తింపును చట్టరీత్యా లభించినది. నగరములు బస్తరు బొమ్మలను కొనరాదని శాసించిన, దేవతల గౌరవము నిలుచునో లేదో గాని, ఘడవా యింటి పొయ్యి ఆరిపోవును.

మరియొక సంగతి. అమ్మకమునకు చేసిన ప్రతిమ దేవత కాదు. పూజారి ప్రతిష్ఠించినపుడే దానియందు దేవత నిలుచును. ఈ భేదము చేయువానికి బాగుగా తెలియును. పవిత్రతను కాపాడుదమని బయలుదేరిన మనము అతనికంటె ఎక్కువ భక్తులమని చూపుకొనుట హాస్యాస్పదము. అతడు మననుండి కోరునది భక్తి కాదు. తగిన వెల, తన పేరు, తన పనికి తగిన చూపు.

ఈ మూడు వాదములను దాటి వచ్చినపిదప అసలు ప్రశ్న స్పష్టమగుచున్నది. దోషము మద్యమునందు లేదు, ప్రయాణమునందు లేదు, అమ్మకమునందును లేదు. ప్రతిష్ఠించిన ప్రతిమ మనలను ఏదో ఒకటి అడుగును: నూనె, పూవు, ఒక చుక్క, ఒక తలపు. అలంకారమని మనము పిలుచునది మనలను ఏమియు అడుగదు. అడుగకుండుటకే దానిని అలంకారమందుము. అడుగు వస్తువును అడుగని వస్తువుగా మార్చినప్పుడు ఒక ఋణము పుట్టును. ఆ ఋణము తీర్చక ఆ యందమును అనుభవించుటయే ఇందలి అధర్మము. లోస్ తన అద్దములలో మనుష్యులు కనబడకుండ చేసెను; అది శిల్పచాతుర్యము. మన గదుల అద్దములో అతిథి కనబడును, సీసా కనబడును, దేవత కనబడును. ఆ దేవతను పోసిన చేయి, ఆ పూవును చీకటిలో ఏరిన చేయి కనబడవు. ఒక గదిని గూర్చి మొదట అడుగవలసిన ప్రశ్న, అది ఎంత అందముగా ఉన్నదని కాదు. అది ఎవరిని కనబడకుండ చేయుచున్నదని.

ఈ ప్రశ్న అడుగుట మానినందున ఎట్టి అన్యాయములు జరిగినవో చరిత్ర చెప్పును. ఆంగ్లప్రభుత్వము 1892లో బొంబాయి రాజధానిలోని కొన్ని జిల్లాలలో ఇప్పపూవును సేకరించుటను, నిలువచేయుటను నియంత్రించుచు చట్టము చేసెను. ఆబ్కారీ ఆదాయము కొరకు ఒక చెట్టు పూవు నేరవస్తువైనది. బస్తరు అప్పుడు సంస్థానము గనుక ఆ చట్టము అచట వర్తింపలేదు. కాని ఇంటిసారాను అనుమానించు దృష్టి దేశమంతట వ్యాపించినది. నేడు గిరిజనులకు స్వంత వాడుకకు, ఆచారములకు మినహాయింపు కలదు. 1996 నాటి పంచాయతుల విస్తరణ చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో మద్యమును నియంత్రించు అధికారమును గ్రామసభకు చూపినది. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వము ఇప్పసారాను వారసత్వ మద్యముగా అమ్మింతుమని ప్రకటించెను. ఇవి మంచి మార్పులే. అయినను, కుండలో ఉన్నంతకాలము అనుమానింపబడిన పానీయమే స్ఫటికపాత్రలో పడగానే వారసత్వమగుట చూచి, మారినది పానీయమా, త్రాగువారా అని అడుగుట తప్పుకాదు.

మరియొకవైపు, అడవి త్రాగుడును కవిత్వముగా మార్చుటయు అన్యాయమే. బస్తరులోను సారా ఇండ్లను కూల్చినది. సంతలో కూలిడబ్బు పోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమునకు ఎదురు నిలిచిరి. ఆ యుద్యమము ఆంధ్రప్రదేశమంతట వ్యాపించి, 1995లో మద్యనిషేధమునకు దారితీసినది. 1997లో అది సడలినది. ఆ దుకాణములకు ఏ అలంకారమును లేదు. అయినను ఆ స్త్రీలు అడిగిన ప్రశ్న మన ప్రశ్నయే. ఈ చోట త్రాగుచున్నవాడు ఎవరిని మరచుచున్నాడు? అచట మరువబడినది భార్య, బిడ్డ. ఇచట మరువబడుచున్నది పనివాడు, పూవేరినది. వారి దుఃఖమునకు, వీరి నష్టమునకు పోలికలేదు. మరపు మాత్రము ఒక జాతిదే. తొలిచుక్కను నేలపై విడుచు ఆచారము ఈ మరపునకు పూర్వులు కనుగొన్న విరుగుడని నా తలపు.

అట్లయిన ఏమి చేయవలెను? కొన్ని హద్దులు స్పష్టమైనవి. ప్రతిష్ఠ పొంది పూజలందుకొన్న మూర్తిని, గతించినవారికై మాడియాలు నిలిపిన స్మారకస్తంభమును ఏ వెలకును తేరాదు. వానికి యజమాని బ్రదికియే యున్నాడు. అమ్మినవానికి అమ్ము హక్కులేదు. అమ్మకమునకు చేసినవానిని కొనవచ్చును. కాని నూటికొక్కటిగా కాక, నూరు ఒకే విధముగా కావలెనని కోరుట ఆ విద్య స్వభావమును ఎరుగకపోవుట. ఎంచుకొన్న ప్రతిమ పక్కన దాని కథయు, చేసినవాని సమ్మతితో వాని పేరును ఉండవలెను. సీసామీద దానిని దించినవాని పేరు ఉండగా, ప్రతిమమీద పోసినవాని పేరు ఉండరాదను న్యాయమేమి? బస్తరు ఇనుప దీపమును గోడకు తగిలించి, దానిపై విద్యుద్దీపపు వెలుగు వేయుటకంటె, దానినే వెలిగించుట మేలు. పెండ్లిలో వెలుగుటకు చేసిన దీపమది. పానీయములు కలుపువానికి ఇప్పచెట్టును గూర్చి నాలుగు మాటలు తెలిసియుండవలెను. అడిగిన అతిథికి అతడు చెప్పగలుగవలెను.

ఇవన్నియు గది అందమును చెరచునని భయపడువారు కలరు. మరపించుటయే పానశాల ధర్మమైనపుడు జ్ఞాపకములను గోడలకు తగిలించుట ఎందులకని వారందురు. దీనికి సమాధానము బస్తరు సంతలోనే కలదు. అచట త్రాగువారును నవ్వుదురు, పాడుదురు, బాధలు మరతురు. ముందు కొన్ని చుక్కలు నేలపై విడిచినందువలన వారి సంతోషము తరుగుటలేదు. ఎదుట లేనివారిని తలచుకొన్న క్షణము మిగిలిన సాయంకాలమునకు భారమని ఏ సమాజమును తలచలేదు, నగరములును తలచనక్కరలేదు. గదిని అమర్చువారు కొలతబద్దతో ఎత్తులు, దీపములు, అద్దములు సరిచూచుకొను వేళ ఈ ఒక్కటియు సరిచూచుకొనినచో చాలును: ఇందు నిలిచిన ప్రతి వస్తువును పంపినవారు ఈ వాకిట అడుగుపెట్టినచో, మనము వారికి ఆసనము చూపగలమా?